హెడ్ గ్యాస్కెట్ పోయిన కారును కొనవచ్చునా?

ప్రశ్న: మాది కడప. రాయచోటి దగ్గర ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. రోజూ గువ్వలచెరువు ఘాట్ మీదుగా వెళ్లి రావడానికి సహోద్యోగి బావమరిది వాడుతున్న 2013 మోడల్ డీజిల్ స్విఫ్ట్ కొనాలనుకుంటున్నాను. బండి 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. కొంతకాలంగా ఇంజిన్ వేడెక్కుతోందనీ, తరచూ నీళ్లు పోయవలసి వస్తోందనీ ఆయనే దాచకుండా చెప్పారు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్డుకూ, కింది బ్లాకుకూ మధ్య ఉండే పలుచని పొర) మారిస్తే సరిపోతుందని, దానికి 25,000 రూపాయలవుతుందని మెకానిక్ అన్నాడట. అందుకని 2,20,000 చెప్పిన ధరను 1,80,000కు తగ్గించారు. ఇంట్లో వద్దంటున్నారు కానీ నాకు బేరం బాగుందనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఇప్పుడున్న స్థితిలో ఆ ధరకు కొనవద్దు. అమ్మే ఆయన నిజాయితీని శంకించనక్కరలేదు, తనకు తెలిసినదంతా చెప్పినట్టే ఉన్నారు. చిక్కల్లా ఆయనకూ తెలియని దానిలోనే ఉంది. హెడ్డు దించకముందు ఏ మెకానిక్ చెప్పిన లెక్క అయినా ఊహే తప్ప అంచనా కాదు.

హెడ్ గ్యాస్కెట్ సాధారణంగా దానంతట అది పోదు. ముందు ఇంజిన్ వేడెక్కుతుంది, తర్వాత గ్యాస్కెట్ పోతుంది. ఈ డీజిల్ ఇంజిన్‌లో ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు ఉంటుంది. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటాక కూడా నాలుగు మైళ్లు లాగిన బండిలో హెడ్డు వంగిపోయే ప్రమాదం ఉంది. కాలిపోతున్న ఇంజిన్‌లో ఒక్కసారిగా చల్లటి నీళ్లు పోస్తే పగుళ్లు కూడా రావచ్చు. వంగినది కొద్దిగా అయితే లేత్ షాపులో చదును చేయిస్తారు. పగిలితే హెడ్డే మార్చాలి. సిలిండర్ గోడల మీద గీతలు పడి ఉంటే ఇంజిన్ మొత్తం దించవలసి వస్తుంది, అప్పుడు ఆయన తగ్గించిన 40,000 ఏ మూలకూ చాలదు.

అసలు ఎందుకు వేడెక్కింది అన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు ఉందేమో అడగండి. మన జిల్లాల్లో దీనికి ఒక కారణం తరచుగా కనిపిస్తుంది. కూలెంట్‌కు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానికి) బదులు బోరు నీళ్లు పోస్తారు, ఆ ఉప్పునీటి సున్నం రేడియేటర్ సన్నని గొట్టాల్లో పేరుకుని వాటిని మూసేస్తుంది. ఫ్యాన్ తిరగకపోవడం, వాటర్ పంపు అరగడం, కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ బిగుసుకుపోవడం కూడా కారణాలే. చివరికి కూలెంట్ ట్యాంకు మూత కూడా కావచ్చు. వ్యవస్థలో ఒక బార్ అదనపు పీడనం నిలిస్తే నీళ్లు 120 డిగ్రీల వరకు మరగవు, మూత వదులైతే ఆ రక్షణ పోతుంది. మూల కారణాన్ని వదిలేసి గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే, వచ్చే వేసవిలో మళ్లీ అదే మెకానిక్ గుమ్మం ఎక్కుతారు.

మీరు స్వయంగా చూడదగినవి కొన్ని ఉన్నాయి. తెల్లవారగానే, ముందుగా చెప్పకుండా వెళ్లండి. బానెట్ మీద చేయి పెట్టి, ఇంజిన్ చల్లగా ఉందని రూఢి చేసుకున్నాకే కూలెంట్ ట్యాంకు మూత తీయండి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. లోపల రంగు కూలెంట్ ఉందా, తుప్పు నీళ్లు ఉన్నాయా చూడండి. ఆయిల్ పోసే మూత అడుగున మజ్జిగ రంగు జిడ్డు చిక్కగా పట్టి ఉంటే, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ మట్టం గీతకు పైన ఉంటే, నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయన్నమాట. తర్వాత స్టార్టు చేయించి, రేడియేటర్ పై గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టుకోండి. ఇంజిన్ ఇంకా వేడెక్కకుండానే, నిమిషం రెండు నిమిషాల్లో ఆ గొట్టం రాయిలా గట్టిపడితే, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే, సిలిండర్‌లోని గ్యాసు నీళ్లలోకి చొరబడుతోందని అర్థం. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని లెక్క, అది గ్యాస్కెట్‌తో తీరే జబ్బు కాదు.

ఇంకా మనసు లాగుతుంటే ఇలా అడగండి: హెడ్డు మీరు చెప్పిన మెకానిక్ దగ్గర దించాలి, లేత్ షాపులో చదునూ పగుళ్లూ పరీక్ష చేయించాలి, ఆ ఖర్చు ఆయన పెట్టుకోవాలి. ఫలితం చూశాకే ధర తేల్చుకుందాం అనండి. ఒప్పుకుంటే బేరం ముందుకు సాగనివ్వండి. మరమ్మతు అయ్యాక ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని, మధ్యాహ్నం పూట గువ్వలచెరువు ఘాట్ ఎక్కించండి (పైన పాలకోవా తినడానికి ఆగే ముందు ముల్లు ఎక్కడుందో చూడండి). ఆ పరీక్షలో నిలిచిన బండికి 1,80,000 న్యాయమైన ధరే కావచ్చు. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానేసినా, ఈ 1.3 ఇంజిన్ టాటా, ఫియట్ బండ్లలో కూడా వచ్చింది కనుక తెలిసిన మెకానిక్‌లకు కొదవ లేదు. అయితే 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2028లో ముగుస్తుందనీ, మామూలు బీమా ఇంజిన్ అరుగుదలకు పైసా ఇవ్వదనీ లెక్కలో వేసుకోండి. ఆయన హెడ్డు దించడానికి ఒప్పుకోకపోతే మీ ఇంట్లో వాళ్ల మాటే వినండి.

ప్రశ్న: బెంగళూరులో ఉన్న మా బంధువు కర్ణాటక రిజిస్ట్రేషన్ కారు అమ్ముతున్నారు. పాత ఇంజిన్ పాడైతే వేరే కారులోది వేయించారట. ఇక భయం లేదంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఇంజిన్ మీద చెక్కిన నంబరు, ఆర్‌సీలోని నంబరు ఒకటేనా అన్నది మొదట చూడండి. ఇంజిన్ మార్చినప్పుడు మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్టరింగ్ అధికారి వద్ద నమోదు చేయించాలి. అది జరగకపోతే ఇక్కడ మీ పేరు మీదికి మార్చేటప్పుడు తనిఖీలో ఆగిపోతుంది, ఆ ఇంజిన్ ఏ బండిదో మీరే సమాధానం చెప్పుకోవాలి. దానికి తోడు కర్ణాటక రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోవాలి, ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ ట్యాక్సు కట్టాలి. బంధువైనా సరే, కొత్త నంబరు ఎక్కించిన ఆర్‌సీ చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.