ఏ మొక్కూ లేని గడ్డం

ప్రశ్న: "నాకు 23 ఏళ్లు. హన్మకొండలో డిగ్రీ అయిపోయింది. గడ్డం పెంచాలని ఉంది, కానీ ఇంట్లో ఒకటే గొడవ. గడ్డం ఉన్న అన్నలు ఏం పని చేస్తారు? గడ్డంతో ఏమైనా ఇబ్బంది వచ్చిందా? తీరిక దొరికితే ఏం చేస్తారు? ఇంకోటి, నాకు బుగ్గల మీద సరిగ్గా రావట్లేదు. ఏం చేయాలి?"

తమ్ముడూ, నాది వరంగల్. వయసు నలభై దాటింది. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజ్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తాను. అంతా మిర్చి బస్తాలతోనే పని. గడ్డం పెళ్లికి ముందు నుంచీ ఉంది. తీరిక దొరికితే పద్యనాటకాల్లో వేషాలు వేస్తాను. పొట్టి జవాబు కావాలంటే ఇక్కడితో ఆపెయ్. అసలు సంగతి చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది.

మన వైపు గడ్డానికి ఏదో ఒక కారణం ఉండాలి. అయ్యప్ప మాల వేసుకున్నావంటే సరే. కొండగట్టు అంజన్న దీక్ష అన్నా సరే. భార్య కడుపుతో ఉంటే భర్త కత్తెర ముట్టొద్దంటారు, కాబట్టి అదీ సరే. ఇంట్లో పెద్దవాళ్లు పోతే దినాలయ్యేదాకా గీసుకోరు. ఎములాడ (వేములవాడ) రాజన్నకు తలనీలాలు మొక్కుకుని, అది తీరేదాకా గడ్డం కూడా వదిలేసేవాళ్లు ఉంటారు. వీటన్నిటికీ ఒక గడువు ఉంది చూడు. మాల 41 రోజులకు తీస్తారు. దినాలు పదకొండో నాటికి అయిపోతాయి. కాన్పు నెలలు నిండితే అవుతుంది. గడువు తెలిసిన గడ్డాన్ని ఎవరూ పట్టించుకోరు. గడువు లేని గడ్డం చూస్తేనే జనానికి టెన్షన్. మీ ఇంట్లో గొడవ కూడా ఇదేనని నా అనుమానం. బాగుందా లేదా అన్నది వాళ్ల బాధ కాదు, ఎప్పుడు తీస్తావన్నదే బాధ.

మా ఇంట్లో ఇంకో లెక్క ఉండేది. మా బాపు ఆజంజాహి మిల్లు కార్మికుడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. తర్వాత మూతపడింది. మూతపడ్డాక కూడా బాపు పొద్దున్నే లేచి, షిఫ్టుకు టైమైపోతున్నట్టు అద్దం ముందు నిలబడి గీసుకునేవాడు. పోవడానికి మిల్లు లేదు, అయినా గీసుకునేవాడు. ఆయన దృష్టిలో గడ్డం పెరిగిందంటే పని పోయిందని ఊరందరికీ చెప్పుకోవడమే. కాబట్టి నేను పెంచడం మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఎంత మండి ఉంటుందో నువ్వే ఊహించుకో.

మా అమ్మను అవ్వ అంటాం, ఆమె భయం వేరే. నాకు మీసాలు, గడ్డాలు వస్తున్న రోజులంటే తొంభైలు. అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం. గడ్డం, భుజానికి సంచి ఉన్న కుర్రాడు పల్లె బస్సెక్కితే బస్సు దిగేలోపు ఎవరో ఒకరు "ఏ ఊరు, ఎవరింటికి" అని ఆరా తీసేవాళ్లు. "తీసెయ్ బిడ్డా, ఎవలెవలికని జవాబు చెప్తం" అని అవ్వ రోజూ నస. ఆ విషయంలో అవ్వది తప్పని ఇప్పటికీ అనను. ఈ కాలం పిల్లలకు చెప్తే నవ్వుతారు కానీ, మన జిల్లాల్లో నా వయసు మగవాళ్లను అడిగి చూడు. గడ్డం గురించి ఇలాంటి కథ ఒక్కటైనా ఉండని వాళ్లు తక్కువ.

పెళ్లిచూపులకు పోతే మా మామ మొదటి మాటే "ఇంట్ల ఎవలన్న పోయిండ్రా?" అని అడిగాడు. బాపు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నవ్వాపుకోలేక, ఫోన్ చేసుకొస్తానని చెప్పి బయటికి పోయాడు. ఆయన దగ్గర అప్పటికి ఫోనే లేదు. చివరికి అవతలివాళ్లు ఒకే షరతు పెట్టారు, పీటల మీద కూర్చునే రోజు మాత్రం గడ్డం ఉండొద్దని. ఒప్పుకున్నాను. ఇప్పుడు మా పిల్లలు పెళ్లి ఆల్బం చూసి "అమ్మ పక్కన ఎవరు?" అంటారు.

ఇక పని సంగతి. గడ్డానికీ మిర్చికీ అస్సలు పడదు. జనవరి చివర్లో మొదలై ఏప్రిల్ దాకా కాయ ముంచుకొస్తుంది. పొద్దున జెండాపాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం అయ్యాక ధర నచ్చని రైతు, కొన్న సరుకు దాచుకోవాలనుకున్న ఖరీదుదారు, ఇద్దరూ మా గేటు ముందుకే వస్తారు. తర్వాత మంచి ధర వచ్చేదాకా చల్లటి గదుల్లో బస్తాలు పేర్చి పెడతాం. అలా దాచి తీసిన కాయనే మార్కెట్లో ఏసీ మిర్చి అంటారు. బస్తా దించినా, ఎత్తినా, తాలు కాయలెన్ని ఉన్నాయో చూద్దామని మూతి విప్పినా, సన్నటి దుమ్ము లేస్తుంది. హమాలీలు దస్తీలు కట్టుకుంటారు, అయినా తుమ్ములే తుమ్ములు. గడ్డం ఉన్నవాడికి ఆ దుమ్ము వెంట్రుకల్లో చిక్కుకుని ఇంటిదాకా వస్తుంది. ఏ రకం కాయ వచ్చిందో రిజిస్టర్ చూడకుండా నా గడ్డమే చెప్తుంది. మన చపాటా ఉంది కదా, 2025లో జీఐ గుర్తింపు వచ్చిన రకం, దానికి రంగు ఎక్కువ, కారం తక్కువ. అది దిగిన రోజు హాయి. తేజ లారీ దిగిన రోజు మాత్రం సాయంత్రం దాకా చెంపలు మండుతూనే ఉంటాయి.

ఇక్కడ ఒక పనికొచ్చే మాట చెప్తాను. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఇంటికొచ్చి గడ్డం మీద చెంబుడు నీళ్లు గుమ్మరిస్తే మంట మెడ దాకా పాకుతుంది. ముందు చేతులకూ గడ్డానికీ కొబ్బరినూనె బాగా పట్టించి, పాత గుడ్డతో తుడిచేసి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. ఈ వరస తప్పితే కళ్లలోకి పోతుంది. మిర్చి కోతకు పోయే ఆడవాళ్లకు చేతుల మంట బాగా తెలుసు. వాళ్లక్కూడా ఇదే పనిచేస్తుంది.

మాస్కు ఇంకో తలనొప్పి. ఎన్-95 రకం మాస్కు అంచు చర్మానికి అతుక్కుంటేనే పనిచేస్తుంది. మధ్యలో గడ్డం ఉంటే ఆ సందుల్లోంచి గాలి, దుమ్ము లోపలికి వస్తాయి. ఎంత గట్టిగా బిగించినా లాభం లేదు. అందుకే సీజన్ వచ్చేముందు బుగ్గలు, దవడలు నున్నగా గీసేసి, మాస్కు లోపల ఇమిడేంత ఫ్రెంచ్ కట్ మాత్రం ఉంచుకుంటాను. ఊపిరితిత్తుల కంటే గడ్డం గొప్పదేం కాదు. కాయ తగ్గి, మే నెల వచ్చాక మళ్లీ వదిలేస్తాను. గడ్డం నెలకు సెంటీమీటరుకు కొంచెం అటూ ఇటూగా పెరుగుతుంది. బతుకమ్మ, దసరా వచ్చేసరికి మూడు వేళ్ల వెడల్పు తయారవుతుంది. ఫిబ్రవరిలో సూపర్‌వైజర్, అక్టోబర్‌లో విశ్వామిత్రుడు.

విశ్వామిత్రుడంటే నిజంగానే విశ్వామిత్రుడు. మాది చిన్న నాటక సమాజం. ఊళ్లలో పండగలకు, జాతరలకు పిలుస్తారు. హరిశ్చంద్ర నాటకమంటే మన పల్లెల్లో ఇప్పటికీ తెల్లవార్లూ కూర్చునే ముసలివాళ్లున్నారు. కాటి సీను వచ్చేదాకా లేవరు. పెట్టుడు గడ్డంతో పద్యం పాడటం ఎంత నరకమో పాడినవాళ్లకే తెలుసు. జిగురుతో అతికిస్తారు. లైట్ల వేడికి చెమట పడుతుంది. రాగం తీయడానికి నోరు బాగా తెరిచేసరికి ఒక మూల లేస్తుంది. రుషి కోపంగా శాపం పెడుతుంటే గడ్డం వేలాడుతూ ఉంటుంది, జనం విజిళ్లు. సొంత గడ్డానికి ఆ బాధ లేదు. మొదట్లో పెద్దరికం కోసం తెల్లరంగు పూసేవాళ్లు, ఇప్పుడు దేవుడే ఆ ఖర్చు కూడా తగ్గించాడు. నష్టమల్లా ఒకటే. కృష్ణుడి వేషం ఈ జన్మకు రాదు. నా గొంతు కృష్ణుడికి బాగా సరిపోతుందని మా హార్మోనియం మాస్టారు ఎన్నిసార్లో అన్నాడు. గడ్డం తీసెయ్యమని మాత్రం అనడు, మళ్లీ విశ్వామిత్రుణ్ని ఎక్కడ వెతకాలని.

కార్తీకమాసంలో నా పరిస్థితి చూడాలి. గడ్డం, పైగా నుదుట బొట్టు. ఆటోవాళ్లు, కిరాణా కొట్టువాళ్లు అందరూ "స్వామీ" అంటారు. బస్సులో సీటిస్తారు. ఆదివారం మటన్ షాపు లైన్లో నిలబడితే మాత్రం కత్తి పట్టుకున్న మనిషి చెయ్యి ఆగిపోతుంది. "స్వామీ, మీరు..." అని నసుగుతాడు. మాల కాదన్నా, అర కిలో కొట్టు అని చెప్పేసరికి వెనకాల లైన్లో గుసగుస. మాల వేసుకున్నవాళ్ల నియమాల మీద నాకు గౌరవమే, వాళ్లకొచ్చే మర్యాద నాకెందుకని సీటిస్తే వద్దంటాను.

నాకు తెలిసిన ఇంకో ఇద్దరు ముగ్గురి సంగతి కూడా చెప్తాను, నువ్వు "అన్నలు" అని అడిగావు కాబట్టి. నా క్లాస్‌మేట్ ఒకడు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. కాలేజీలో మా అందరికంటే ఒత్తైన గడ్డం వాడిదే. గనిలో ప్రమాదం జరిగితే లోపలికి పోయే రెస్క్యూ పనికి ట్రైనింగ్ తీసుకున్నాడు. అందులో ముఖానికి గట్టిగా అతుక్కునే శ్వాస పరికరం పెట్టుకోవాలి. విషవాయువు ఉన్న చోట అంచు దగ్గర వెంట్రుకంత సందు ఉన్నా ప్రాణం మీదికి వస్తుంది. వాడు ఆ రోజు నుంచి ముఖం నున్నగా పెట్టుకున్నాడు. బాధగా లేదా అంటే, "లోపల ఇరుక్కున్నోడు నా గడ్డం చూస్తడా?" అన్నాడు. ఇంక నేనేం మాట్లాడలేదు.

మండీ బజార్‌లో మా నాటకాలకు జరీ బట్టలు కుట్టే చాచా ఉన్నాడు. ఆయనది మతం చెప్పిన గడ్డం. పిడికిలితో పట్టుకుని, కింద మిగిలిన దాన్ని కత్తిరిస్తాడు, ఆపైన గోరింటాకు. నన్ను ఇన్నేళ్లలో ఎందుకు పెంచావని ఎన్నడూ అడగలేదు. ఏ నూనె రాస్తావని మాత్రం అడుగుతాడు, చెప్పింది వినగానే అది పనికిరాదంటాడు.

మా వీధిలో కటింగ్ షాపు నడిపే దోస్తు మాట ఇంకా వింతగా ఉంటుంది. కుర్రాళ్లంతా గడ్డాలు పెంచితే నీ గిరాకీ పోతుంది కదా అని అడిగాను. నవ్వాడు. "షేవింగ్ గిరాకీ రేజర్లు వచ్చినప్పుడే పోయిందన్నా, అందరూ ఇంట్లనే గీసుకునుడు మొదలువెట్టిండ్రు. ఈ గడ్డాలే మళ్ల కుర్చీ నింపినయి" అన్నాడు. గీసుకోవడం ఎవరికైనా వస్తుంది. రెండు దవడలూ సమానంగా గీత పెట్టుకోవడం మాత్రం సొంతంగా చేసుకుంటే తెలుస్తుంది.

ఇక నీ సంగతికి వద్దాం. ఏ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నావో రాయలేదు. పోలీసు, ఆర్మీ అనుకుంటే ఇప్పుడే ఆశ వదులుకో. యూనిఫాం ఉద్యోగాల్లో మామూలుగా గడ్డానికి ఒప్పుకోరు, సిక్కులకు మినహాయింపు ఉంటుంది. నేవీలో అనుమతి తీసుకుని పెంచుకోవచ్చు. సాఫ్ట్‌వేర్, టీచింగ్, వ్యాపారం అయితే శుభ్రంగా కత్తిరించిన గడ్డాన్ని ఈ రోజుల్లో ఎవరూ ఏమీ అనరు. దుమ్ము, గ్యాస్, రసాయనాల మధ్య పని అయితే మా మిర్చి కథ గుర్తుపెట్టుకో, ముందు మాస్కు, తర్వాతే గడ్డం. ఇంట్లో వాళ్లకు ఎందుకు పెంచుతున్నావో వివరించకు, ఎంత చెప్పినా సరిపోదు. మెడ కింద గీత నీట్‌గా పెట్టించు, రోజూ స్నానం చేసేటప్పుడు కడుగు. సగం గొడవ అక్కడే తగ్గుతుంది. మిగతా సగానికి నా దగ్గర మందు లేదు.

బుగ్గల మీద రావట్లేదన్నావు. 23కే కంగారు పడకు. చాలామందికి ముప్పై దగ్గరపడే దాకా గడ్డం ఒత్తవుతూనే ఉంటుంది. మీ నాన్నకు, మేనమామలకు ఎలా వచ్చిందో చూస్తే కొంత అంచనా దొరుకుతుంది. మాటిమాటికీ గీస్తే ఒత్తుగా వస్తుందన్నది ఒట్టి మాట. గీసిన వెంట్రుక మొన మొద్దుగా ఉంటుంది కాబట్టి గరుకుగా తగులుతుంది, అంతే. ఆన్‌లైన్‌లో గడ్డం నూనెలు అమ్మేవాళ్లు కొత్త వెంట్రుకలు మొలుస్తాయంటే నమ్మకు. నూనెతో ఉన్నవి మెత్తబడతాయి, పొడిబారడం తగ్గుతుంది. మినాక్సిడిల్ గురించి నీ ఫ్రెండ్స్ చెప్పే ఉంటారు. అది తలకు అనుమతి ఉన్న మందు, గడ్డానికి కాదు. డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకు.

ఒకటి మాత్రం గమనించు. మొదటి నుంచీ పలుచగా ఉంటే అది నీ తీరు. అలా కాకుండా, ఉన్న గడ్డం ఒక చోట గుండ్రంగా ఊడి, చర్మం నున్నగా కనబడితే అది పేనుకొరుకుడు. పేనుకూ దానికీ సంబంధం లేదు. ఒంట్లోని రోగనిరోధక శక్తి పొరపాటున వెంట్రుకల కుదుళ్ల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. ఊళ్లో ఉల్లిపాయ రుద్దమంటారు, వెల్లుల్లి రుద్దమంటారు. నా మరదలి కొడుకు అలాగే రుద్ది చర్మం కాల్చుకున్నాడు. చర్మం డాక్టర్‌కు చూపించు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీలో కూడా చూస్తారు. పోయేటప్పుడు గడ్డం గీసుకుని పోకు, ఎక్కడెక్కడ ఊడిందో డాక్టర్‌కు కనబడాలి.