ఒకే గులాబీకి రెండు రంగుల పూలా?

అల్వాల్‌లో మీ పీస్ రకం గులాబీకి ఒక్క కొమ్మకే ముదురు రంగు పూలు వస్తున్నాయన్నారు. టెన్షన్ పడకండి మేడమ్. ముందు మొక్క మొదట్లో మట్టి కాస్త తీసి చూడండి. ఆ కొమ్మ అంటు కట్టిన చోటుకి కింద నుంచి లేచి, ఆకులూ ముళ్లూ వేరుగా ఉంటే అది అడుగు మొక్కది, అంటే వేర్ల కోసం వాడిన వేరే గులాబీది. పైపైన కత్తిరిస్తే మళ్లీ వస్తుంది, మొదలంటా లాగేయండి.

అంటుకి పైనుంచి వచ్చి, ఆకులు అలాగే ఉండి పువ్వు రంగే మారితే అది స్పోర్ట్, అంటే ఆ కొమ్మ పుట్టిన చిగురు మొగ్గలో వచ్చిన జన్యుమార్పు. 1962లో మార్కెట్‌కి వచ్చిన షికాగో పీస్ అనే రకం పీస్ నుంచి ఇలా పుట్టిందే. తీగలా పాకే క్లైంబింగ్ పీస్ కూడా అంతే. అలాంటిదైతే దయచేసి కొట్టేయకండి! మన ఎండలకు రంగు వెలుస్తుంది కాబట్టి చలికాలం పూలు చూసి తేల్చుకోండి. రంగు నిలబడితే ఆ కొమ్మ కన్నుతోనే, అంటే ఆకు మొదట్లో ఉండే చిగురు మొగ్గతోనే, అంటు కట్టించండి.