ఆ పేరు అమ్మమ్మది

అమ్మాయీ,

నీ కథ అందిన రాత్రే చదివాను. కోపం తగ్గుతుందేమోనని పొద్దున్నే మళ్లీ చదివాను. తగ్గలేదు. ఎనభై ఏళ్ల అమ్మమ్మకు లూసియా అనీ, ఆరేళ్ల మనవరాలికి డొలోరెస్ అనీ పేర్లు పెట్టావు. రెండేళ్లు స్పెయిన్‌లో, సెవిల్లెలో ఉండి వచ్చినదానివి, ఎలా పెట్టావు?

ఆ వయసు లూసియాలు అక్కడ లేరని అనను. కానీ లూసియా ఈ శతాబ్దపు పిల్లల పేరు. చాలా ఏళ్లు అక్కడ పుట్టిన ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానం దానిదే. డొలోరెస్ అమ్మమ్మల పేరు. అసలు రూపం మరియా దె లోస్ డొలోరెస్, అంటే వేదనల మరియమ్మ. కొడుకు యేసు కోసం ఆ తల్లి పడిన ఏడు దుఃఖాలకు గుర్తుగా గుండెలో ఏడు కత్తులు దిగిన బొమ్మలు చేస్తారు. సెప్టెంబరు 15న ఆమె పండుగ. ఈస్టర్‌కు ముందు పవిత్ర వారంలో సెవిల్లె వీధుల్లో చెంపల మీద గాజు కన్నీళ్లతో ఊరేగే తల్లిని నువ్వూ చూసే ఉంటావు.

డొలోరెస్ బహువచనం, నొప్పులు. పురిటి నొప్పులకూ వాళ్లది ఆ మాటే, మనలాగే. నియంత ఫ్రాంకో కాలంలో చర్చి నీడలో పుట్టిన పిల్లకు ఆ పేరు పెట్టడం భక్తి. 1975లో ఆయన పోయాడు, చర్చి పట్టు సడలింది, తల్లిదండ్రులకు పేరులోని భక్తి కన్నా నొప్పే ముందు వినిపించసాగింది. ఇప్పుడు కొందరు నేరుగా లోలా అనే రాయిస్తున్నారు. లోలా అంటే డొలోరెస్‌కు ముద్దుపేరే. 1923లో హెరెజ్‌లో పుట్టిన గాయని లోలా ఫ్లోరెస్ అసలు పేరులోనూ డొలోరెస్ ఉంది.

పేరులో పుట్టిన సంవత్సరం ఉంటుంది. దీని కోసం నేను చాలామందితో పోట్లాడాను. నా రెండో కథలో విస్తళ్లు కుట్టుకుని బతికే ముసలమ్మ పేరు నాంచారమ్మ. పాఠకులకు పాత పేర్లు మొహం మొత్తాయని ఒక వారపత్రిక సంపాదకుడు నన్ను అడగకుండానే ఆమెను నళినిని చేశాడు. అచ్చయిన కథ మా అమ్మకు చదివి వినిపించాను. "పాపం, ఎవరీ పిల్ల? ఇంత చిన్న వయసులో దీనికి ఈ కష్టాలేమిటి?" అంది. ముసలమ్మ నడుం నొప్పి గురించి నేను రాసిన పేజీ అంతా ఆ ఒక్క పేరు ముందు ఓడిపోయింది. నలభై ఏళ్లయినా ఆ సంపాదకుణ్ణి క్షమించలేదు. వినసొంపుగా ఉండాలని పేర్లు ఏరుకునే ఈనాటి పద్ధతినీ క్షమించను.

నువ్వు అదే పని చేశావు. నీ అమ్మమ్మ యుద్ధంలో పోయిన అన్న చొక్కాను ఏటా ఉతికి ఆరేస్తుంది, ఎవరిదో చెప్పదు. అక్కడ నా కళ్లు చెమర్చాయి. అలాంటి మనిషి పేరు లూసియా, వెలుగు! నువ్వు మనవరాలికి ఇచ్చేసిన పేరు ఆమెది.

పేర్లు తారుమారు చెయ్యి. తాతయ్య వంటగదిలోంచి కేకేసేటప్పుడు డొలోరెస్ అని పిలవనివ్వకు, లోలి అనాలి. ఆసుపత్రిలో గుమాస్తా కాగితం చూసి పిలిచే చోట మాత్రం పూర్తి పేరు రాయి. అప్పుడు ఆ పిల్ల తన అమ్మమ్మ పేరుకు అర్థం మొదటిసారి వింటుంది. నీ కథ అక్కడ మొదలవుతుంది, ముందున్న రెండు పేజీలు తీసెయ్యి.

మార్చిన కథను కాగితం మీదే పంపు.

ఆశీస్సులతో.