ఎండీ సైకియాట్రీలో ఉండగా సైకోథెరపీ ఎలా నేర్చుకోవాలి?

ఎండీ సైకియాట్రీ రెండో ఏడాది, మా డిపార్ట్‌మెంట్‌లో థెరపీ (మాటలతో చేసే వైద్యం) నేర్పే నాథుడు లేడు, ఆన్‌లైన్‌లో సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీ) సర్టిఫికెట్ కోర్సు చేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. డబ్బులుంటే చేయండి, నష్టమేం లేదు. కానీ మీ పేషెంటుతో మీరేం మాట్లాడారో విని "ఇక్కడెందుకు తొందరపడ్డారు" అని నిలదీసే మనిషి లేకపోతే ఎన్ని వీడియోలు చూసినా థెరపీ రాదు.

నేను చదివిందీ ప్రభుత్వ కాలేజీలోనే. సిలబస్‌లో సైకోథెరపీ ఉంటుంది, పరీక్షలో షార్ట్ నోట్ పడుతుంది, ఓపీలో మాత్రం మనిషికి ఐదారు నిమిషాలు దొరికితే గొప్ప. లక్ష జనాభాకి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఆ క్యూ అలాగే ఉంటుంది, ప్రొఫెసర్లని తిట్టుకుని లాభం లేదు. అమెరికా రెసిడెన్సీలో, అంటే అక్కడి పీజీ శిక్షణలో, సపోర్టివ్ (ధైర్యమిచ్చి నిలబెట్టేది), సైకోడైనమిక్ (మనసు లోపలి పాత సంఘర్షణల్ని వెతికేది), సీబీటీ మూడు థెరపీలూ వచ్చి తీరాలి. మన దగ్గర బెంగళూరు నిమ్‌హాన్స్ లాంటి కొన్ని చోట్ల తప్ప అదంతా డిపార్ట్‌మెంట్ దయ.

నాకు నేర్పింది మా క్లినికల్ సైకాలజిస్టు మేడం. ఐక్యూ టెస్టు రాయించుకోవడానికి తప్ప పీజీలెవరూ ఆవిడ గది వైపు వెళ్లేవాళ్లు కాదు (మన ఎండీల అహం సంగతి మీకు తెలిసిందే). ఒక కేసు తీసుకుని వారం వారం ఓపీ అయ్యాక చూస్తాను, మీరు చెక్ చేస్తారా అంటే వెంటనే ఒప్పుకున్నారు. సెషన్ అవ్వగానే గుర్తున్నంతవరకు మాటకి మాట రాసి పట్టుకెళ్లేవాణ్ణి. పేషెంటు కళ్లలో నీళ్లు తిరగ్గానే పీజీలు "నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా" అని చెక్‌లిస్టులోకి పారిపోతారని ఆవిడ ఆ కాగితాల్లో పెన్సిల్‌తో గీత గీసి చూపిస్తే గానీ కనపడదు.

ఇంకో సంగతి, పుస్తకంలో ఉన్నట్టు మన పేషెంట్లు ఉండరు. పక్కన కూర్చున్న అత్తగారే అన్నిటికీ జవాబు చెప్తుంది, అందుకని ముందు ఆవిడకో పది నిమిషాలిచ్చి, ఆవిడ బెంగ కూడా విని, తర్వాత బయట కూర్చోమనండి. రోజూ చేసిన పనులు రాసుకురమ్మంటే చదువురాని ఒకావిడ గోడ మీది క్యాలెండర్లో, పాల లెక్క వేసే గళ్లలోనే, బయటికెళ్లిన రోజుకి చుక్క పెట్టుకొచ్చింది. ఏ ఫారం కన్నా అదే బాగా పనిచేసింది. "ఏం చేయమంటారో మీరే చెప్పండి" అని అడిగితే కంగారుపడకండి. ఈ దేశంలో గురుశిష్య బంధమే థెరపీకి నమూనా కావచ్చని మన సైకియాట్రిస్టు జె.ఎస్. నేకీ 1973లోనే రాశారు, మొదటి రెండు మూడు సెషన్లు కాస్త పెద్దరికంగా చెప్పినా తప్పులేదనే నేనంటాను.

సైకాలజిస్టు కూడా లేకపోతే? గోవాలో సంగాత్ సంస్థ డాక్టర్లు కాని కౌన్సెలర్లకి డిప్రెషన్ థెరపీ నేర్పింది, ఆరు నుంచి ఎనిమిది సెషన్లు. వాళ్లు ఒకరి సెషన్ రికార్డింగ్ ఇంకొకరు విని మార్కులు వేసుకునేవాళ్లు. ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. మీ బ్యాచ్‌మేట్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఇదే చేయొచ్చు, పేషెంటు అనుమతి తీసుకుని, పేరు లేకుండా. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ల ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ మాన్యువల్ ఐదు సెషన్లది, ఉచితంగా దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టండి.

మొదటి కేసుగా పర్సనాలిటీ డిజార్డర్ జోలికి పోకండి. ఓ మోస్తరు డిప్రెషనో, పానిక్కో చాలు, అదీ వారం వారం బస్సెక్కి రాగలిగే దూరంలో ఉన్నవాళ్లని చూసుకోండి. మీ డీఆర్‌పీ (జిల్లా రెసిడెన్సీ) పోస్టింగ్ ఎప్పుడు పడుతుందో ముందే కనుక్కోండి, మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి పంపేస్తే కేసు మధ్యలో ఆగిపోతుంది. అది అయ్యాకే మొదలుపెట్టడం మేలు.