ప్రైవేటు డాక్టర్లతో టీబీ పని: నిధులు దేనికి అడగాలి?

"శ్రీకాకుళం జిల్లాలో మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. ప్రైవేటు క్లినిక్కుల్లో చూపించుకునే టీబీ పేషెంట్ల కోసం పనిచేస్తే నిధులిస్తామని ఒకరు ముందుకొచ్చారు. దేనికి అడగాలి?" అని కదా మీ ప్రశ్న. పక్కనే విజయనగరం జిల్లాలో నేను ఇదే పని చేశాను. ముందు మనుషుల జీతాలకూ పెట్రోలుకూ అడగండి. సదస్సులు, బ్యానర్లు ఆ తర్వాత.

మన వైపు దగ్గు పట్టుకుంటే మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ. తగ్గకపోతే నరసన్నపేటో, రాజామో, పలాసో వెళ్లి ప్రైవేటులో ఎక్స్‌రే. టీబీ కేసు తేలితే ప్రభుత్వానికి తెలపడం 2012 నుంచే తప్పనిసరి. నమోదు చేస్తే డాక్టరుకు 500 రూపాయలు, చికిత్స ఎలా ముగిసిందో చెబితే మరో 500 ఇస్తారు. అయినా చాలామంది చెయ్యరు. ఓపీ నిండా జనం ఉంటే, కేసులు నమోదు చేసే సర్కారు వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్ తెరిచే తీరిక ఎక్కడిది? పేరు ఇచ్చేస్తే పేషెంటు పెద్దాసుపత్రికి వెళ్లిపోతాడన్న భయం ఒకటి. మీ దగ్గరే చూపించుకుంటూ సర్కారు మందులు ఉచితంగా వాడొచ్చని పదేపదే వెళ్లి చెప్పే మనిషి ఉండాలి. ఆ మనిషికి కాంపౌండరుతో, ల్యాబ్ కుర్రాడితో చనువు ఉంటే సగం పని అయినట్టే.

మెడికల్ షాపులను అస్సలు వదలొద్దు. టీబీ మందులు హెచ్‌1 షెడ్యూల్లో, అంటే అమ్మకం మీద గట్టి నిఘా ఉండే మందుల జాబితాలో ఉన్నాయి. ఎవరికి అమ్మారో, ఏ డాక్టరు రాశారో, ఎన్ని ఇచ్చారో షాపువాళ్లు వేరే రిజిస్టరులో రాయాలి. అలాంటి రిజిస్టరు తిరగేస్తుంటే ఒకామె పేరు రెండు నెలలు కనబడి ఆగిపోయింది. ఫోన్ చేస్తే, "ఇంటికి రాకమ్మా, వీధిలో ఏటనుకుంటారు" అంది. ఇంట్లో నెమ్ము అని మాత్రమే చెప్పిందట. దగ్గు తగ్గింది, మందులు కొనే స్తోమత లేదు, మానేసింది. కూలి పనికి చెన్నై వెళ్లే ఆలోచనలో ఉంది. ఆర్టీసీ కాంప్లెక్సులో కలిసి మాట్లాడితే మళ్లీ మొదలుపెట్టింది. అందుకే మీ కార్యకర్త బ్యాగు మీద, బండి మీద టీబీ అన్న మాట కనబడకూడదు.

ఎక్స్‌రే ఒక్కటే చూసి మందులు మొదలుపెడితే, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ ఆ మనిషికి పనిచేస్తుందో లేదో తెలియదు. అది తేల్చే ల్యాబ్ పరీక్షలు ట్రూనాట్, సీబీనాట్. తెమడను వాటిలో ఒకదానికి పంపాలి. పరీక్ష ఉచితమే, డబ్బాను తీసుకెళ్లేవాడే ఉండడు. ఆ ఖర్చు బడ్జెట్లో రాయండి.

ఒప్పందం దగ్గర గట్టిగా నిలబడండి. ఎన్ని పేర్లు నమోదు చేస్తే అంత డబ్బు అనే షరతు ఒప్పుకుంటే, పేరు ఎక్కగానే మనిషిని మర్చిపోయే అలవాటు వస్తుంది. కోర్సు పూర్తి చేసినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోమనండి. మూడు నెలల జీతాలు అడ్వాన్సుగా అడగండి. బిల్లులు ఆలస్యమైతే పెద్ద సంస్థలు తట్టుకుంటాయి, చిన్నవాళ్లకు ముందు మంచి కార్యకర్తలే పోతారు. నేను ఇది కళ్లారా చూశాను.

టీబీ పేషెంట్ల పోషకాహారానికి ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. ప్రైవేటులో చూపించుకునేవాళ్లకూ అది వస్తుంది, కానీ బ్యాంకు ఖాతా వివరాల దగ్గర ఆగిపోతుంటుంది. వెంటపడి సరిచేయించే బాధ్యత ఒకరికి అప్పగించండి.

సంతకం పెట్టే ముందు జిల్లా టీబీ అధికారిని కలవండి. ప్రైవేటు పేషెంట్లకు మందులు ఏ కేంద్రం నుంచి, ఎవరి చేతికి వస్తాయో కాగితం మీద రాయించుకోండి.