డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ 38 ఏళ్లకే ఆడటం ఎందుకు ఆపేశాడు?

మోకాళ్ల వల్ల అని చాలామంది అనుకుంటారు. రెండు మోకాళ్లకూ కట్టుకునే నల్ల బ్రేసులు టీవీలో కొట్టొచ్చినట్టు కనిపించేవి మరి. మోకాళ్లు పాడైన మాట నిజమే గానీ, ఆటను ఆపించింది మెడ. ఇంకో సంగతి కూడా ఉంది. మన దగ్గర ఎక్కువమంది కేబుల్ టీవీలో చూసి అభిమానించిన ఆస్టిన్, అంటే గుద్దులు, తన్నులు, స్టన్నర్ అనే తన ముగింపు పట్టుతో పని కానిచ్చేసే ఆస్టిన్, చాలావరకు ఆ మెడ దెబ్బ తర్వాత తయారైనవాడే.

దెబ్బ తగిలింది 1997 ఆగస్టు 3న, న్యూజెర్సీలో జరిగిన సమ్మర్‌స్లామ్ అనే పెద్ద షోలో, ఓవెన్ హార్ట్‌తో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ మ్యాచ్‌లో, ఓవెన్ కొట్టిన పైల్‌డ్రైవర్ వల్ల. పైల్‌డ్రైవర్ అంటే ఎదుటివాణ్ని తలకిందులుగా ఎత్తి పట్టుకుని అలాగే కూలబడటం. ఫలితం ముందే రాసుకున్నదైనా, పడటం మాత్రం నిజంగానే పడటం. కిందున్నవాడి తల కొట్టేవాడి తొడల మధ్య, తొడల అంచు కంటే పైనే ఉండాలి. అప్పుడు బరువంతా కొట్టేవాడి కాళ్ల మీదకు పోతుంది, తల మ్యాట్‌ను తాకదు. మోకాళ్ల మీద వాలితే (అండర్‌టేకర్ టూంబ్‌స్టోన్ ఇలాంటిదే) తలకూ మ్యాట్‌కూ మధ్య కాస్త ఎక్కువ ఖాళీ మిగులుతుంది. కాళ్లు చాపి కూర్చుంటూ పడితే మిగిలేది తొడ మందమంతే. ఓవెన్ ఆ రోజు కూర్చుంటూ పడ్డాడు, ఆస్టిన్ తల అప్పటికే బాగా కిందికి జారి ఉంది. దెబ్బంతా నడినెత్తి మీదుగా మెడలోకి దిగింది. మోకాళ్ల మీదే వాలతావు కదా అని తాను ముందే అడిగానని, లేదు కూర్చుంటానని ఓవెన్ అన్నాడని ఆస్టిన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

కాళ్లూ చేతులూ కాసేపు స్వాధీనంలో లేవు. ఓవెన్ అది గమనించి, ప్రేక్షకులను రెచ్చగొడుతూ కాలం గడిపాడు. ఆస్టిన్ ఎలాగో పాకి, వెనక నుంచి కాళ్లు లాగి పిన్ చేశాడు, అంటే మూడు లెక్కపెట్టేదాకా భుజాలను మ్యాట్‌కు ఆనించి గెలిచాడు. ఆ పిన్‌లో పట్టన్నదే లేదని ఎవరికైనా తెలుస్తుంది. గెలిచిన టైటిల్‌ను కొద్ది వారాలకే వదులుకోవాల్సి వచ్చింది. 2000 తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ పైల్‌డ్రైవర్‌ను దాదాపు నిషేధించింది. అండర్‌టేకర్, కేన్‌ల టూంబ్‌స్టోన్‌కు మాత్రం మినహాయింపు.

ఇక అసలు మలుపు. ఆడకూడదన్న వైద్యుల మాటనే కథగా మలిచారు. 1997 సెప్టెంబర్ 22న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్ రింగులోకొచ్చి, నీ మంచికే చెబుతున్నా, ఇప్పుడు ఆడకు అని నచ్చజెప్పబోయాడు. ఆస్టిన్ అతనికి స్టన్నర్ ఇచ్చాడు. యజమానికీ ఉద్యోగికీ మధ్య గొడవ అక్కణ్నుంచే ముదిరింది, కంపెనీ తలరాత మార్చింది కూడా అదే. నవంబర్‌లో ఓవెన్‌తో మళ్లీ ఆడినప్పుడు నాలుగు నిమిషాల్లో ముగించారు.

ఆట తీరు కూడా మారింది. వీపు మీద పడటాలు తగ్గి, రింగు బయట కొట్లాట పెరిగింది. స్టన్నర్ దీనికి సరిగ్గా సరిపోయింది: కడుపులో ఒక తన్ను, వెనక్కి తిరిగి ఎదుటివాడి గడ్డాన్ని భుజం మీదకు తెచ్చుకోవడం, కూర్చోవడం. ఎవరినీ ఎత్తక్కర్లేదు, ఎంత బరువున్నవాడికైనా చెల్లుతుంది. దాని అందమంతా తినేవాడి చేతిలో ఉంటుంది. రాక్ (డ్వేన్ జాన్సన్) గాల్లోకి ఎగిరిపడేవాడు, విన్స్ వణుకుతూ ఎటో కూలబడేవాడు. అలాగని అది ఉచితంగా వచ్చేదేం కాదు, ప్రతిసారీ కూర్చున్న కుదుపు ఆస్టిన్ వెన్నులోకే పోతుంది.

1998 మార్చి 29న బాస్టన్‌లో షాన్ మైకేల్స్‌ను ఓడించి మొదటిసారి ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆస్టిన్‌కు మెడ, షాన్‌కు నడుము బాగాలేవు. 1999లో సర్వైవర్ సిరీస్ అనే షోలో ఆస్టిన్‌ను కారు గుద్దినట్టు చూపించింది ఆపరేషన్‌కు పంపడానికే. 2000 జనవరిలో శాన్ ఆంటోనియోలో మెడలోని మూడో, నాలుగో వెన్నుపూసలను అతికించారు. అలా అతికిస్తే ఆ చోట కదలిక పోతుంది, ఆ భారం పైనా కిందా ఉన్న పూసల మీద పడుతుంది. అయినా 2001లో మళ్లీ పట్లు, సూప్లెక్స్‌ల (ఎదుటివాణ్ని ఎత్తి వెనక్కి పడేయడం) వైపు వెళ్లాడు. మెడకు అది మంచిది కాదు గానీ, ఆటగాడిగా నాకు అతని అత్యుత్తమ ఏడాది అదే.

2002 జూన్‌లో తనకు రాసిన కథ నచ్చక కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి 2003 మార్చి 30న సియాటిల్‌లో రాక్ చేతిలో, రాక్ బాటమ్ అనే అతని ముగింపు పట్టు మూడుసార్లు తిన్నాక ఓడాడు. ఆట ఆపింది ఆ మ్యాచ్‌తోనే. ముందు రోజు రాత్రి గుండె దడతో ఆసుపత్రిలో ఉన్నాడు. 2022లో కెవిన్ ఓవెన్స్‌తో ఆడిందీ ఉంది కదా అంటారేమో. అది 14 నిమిషాలలోపే, ఎక్కువ భాగం కొట్లాట. కాంక్రీటు మీద సూప్లెక్స్ తిన్నా, పడింది వీపు మీద, తల మీద కాదు.

తేడా మీరే చూడాలనుకుంటే మూడు మ్యాచ్‌లు వరుసగా పెట్టుకోండి: రెజిల్‌మేనియా (కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద షో) 13లో బ్రెట్ హార్ట్‌తో, రెజిల్‌మేనియా 15లో రాక్‌తో, 2001 సమ్మర్‌స్లామ్‌లో కర్ట్ యాంగిల్‌తో. గెలుపోటములు వదిలేసి, ఆస్టిన్ ఎన్నిసార్లు వీపు మీద పడుతున్నాడో, పడ్డాక లేవడానికి ఎంతసేపు తీసుకుంటున్నాడో లెక్కపెట్టండి.