స్క్రీన్‌ప్లే రాయబోతే నవల వస్తోంది

ప్రశ్న: మా చేనేత కుటుంబం కథను సినిమాగా రాస్తున్నాను. చదివినవాళ్లు నవలలా ఉందంటున్నారు. స్క్రీన్‌ప్లే ఎలా నేర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: మీరు పంపిన పది పేజీలూ చదివానమ్మా. మీ కథలోని రాజ్యం అనే ఆవిడ గురించి ‘రాజ్యం గుండెల్లో ఏళ్లనాటి బాధ సుడులు తిరుగుతోంది’ అని రాశారు. కెమెరాకి ఆ బాధ కనపడదు. రాజ్యం మగ్గం గుంతలో కూర్చుని, తెగిన పడుగు పోగు అతకకుండా దానివంకే చూస్తోందని రాయండి. నటికి చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది, బాధ ప్రేక్షకుడికే తెలుస్తుంది.

ముందు వన్‌లైన్ ఆర్డర్ రాసుకోండి. సీనుకి ఒక్క వాక్యం: ఎవరు ఏం కోరి వచ్చారు, సీను అయ్యేసరికి ఏం మారింది. ఏమీ మారకపోతే, మీకెంత ఇష్టమైన సీనైనా తీసెయ్యండి. మనకి ఇంటర్వెల్ ఉంది కాబట్టి సగంలో వచ్చే మలుపేదో ఇప్పుడే తేల్చుకోండి. డైలాగులు ఆఖర్న.

1957 నాటి ‘మాయాబజార్’ మళ్లీ చూడండి, ఈసారి పెన్నూ కాగితం పెట్టుకుని. పాండవులు ఒక్కరూ తెరమీదికి రారు! వాళ్ల రాజ్యం పోయిందన్న సంగతి అర్జునుడి భార్య సుభద్రపట్ల ఆమె వదిన రేవతి మారిపోయిన తీరులో తెలుస్తుంది. ఎవర్ని చూపించనక్కర్లేదో అంత ధైర్యంగా తేల్చుకున్న స్క్రిప్టు మన భాషలో ఉండటం మన అదృష్టం. నేనైతే ఏ పుస్తకం కన్నా ముందు దాన్నే చదవమంటాను.

మీ కథలో అప్పిచ్చిన షావుకారు ప్రతి సీనులోనూ ఉన్నాడు. మూడు సీన్లలో అతన్ని తీసేసి, అతని భయం మాత్రం ఇంట్లో ఉండేలా తిరగరాసి పంపండి. తప్పకుండా చదువుతాను.